సిగ్నల్ లేని చోట మీ వాచీ ఏం చేస్తుంది?



ఏప్రిల్ వచ్చిందంటే టొరంటో, మిసిసాగా, కాల్గరీ, ఎడ్మంటన్‌లలో తెలుగువాళ్ళ ఇళ్ళలో ఒకటే హడావిడి. అమ్మానాన్నలు వస్తున్నారు! సూపర్ వీసా వచ్చేసింది, లక్ష డాలర్ల వైద్య బీమా తీసుకున్నారు, హైదరాబాదు నుంచి టికెట్లు కొన్నారు. ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. "నాన్నగారికి స్మార్ట్‌వాచ్ ఒకటి కొనిపెడదామనుకుంటున్నాం, ఏది మంచిదండీ?" ఇంజనీరునన్న పాపానికి ఈ ప్రశ్న నా దగ్గరికి తరచూ వస్తుంటుంది. ఖరీదైనదేదో పేరు చెప్పేస్తే పని అయిపోతుందన్నట్టుగా ఉంటుంది అడిగే తీరు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: సిగ్నల్ లేని చోట అది ఏం చేస్తుంది? అంతటితో అవతల నిశ్శబ్దం. ఇవాళ్టి ప్రసంగమంతా ఆ ప్రశ్న గురించే.

ప్రయాణికుడికీ గడియారానికీ ఉన్న చుట్టరికం చెప్పాలంటే కెనడా నుంచే మొదలుపెట్టాలి. 1876లో శాండ్‌ఫోర్డ్ ఫ్లెమింగ్ అనే రైల్వే ఇంజనీరు ఐర్లండ్‌లో ఒక చిన్న స్టేషన్లో రైలు తప్పిపోయి రాత్రంతా కూర్చోవలసి వచ్చింది. కారణం అచ్చుతప్పు. టైంటేబుల్లో ఉదయం అని ఉండాల్సిన చోట సాయంత్రం అని పడింది. ఆయన సామాన్యుడు కాదు. కెనడియన్ పసిఫిక్ రైల్వేకి ప్రధాన ఇంజనీరు. అంతకు పాతికేళ్ళ ముందు, 1851లో, కెనడా తొలి తపాలా బిళ్ళకి బొమ్మ గీసింది కూడా ఆయనే. ఆ రాత్రి కోపంలోంచి ఆయన రెండు వాదనలు పట్టుకున్నాడు. ఒకటి, రోజుకి ఇరవై నాలుగు గంటల లెక్క. రెండోది, ఊరికో మధ్యాహ్నం కాకుండా భూగోళమంతటికీ ఒక పద్ధతి ప్రకారం కాలమండలాలు. 1883 నవంబరు 18న ఉత్తర అమెరికా రైళ్ళన్నీ ప్రామాణిక సమయానికి మారాయి. మరుసటి ఏడాది వాషింగ్టన్‌లో దేశాల సమావేశం జరిగింది. మన సికింద్రాబాదు స్టేషన్ బోర్డు మీద 17:35 అని కనబడే లెక్క, ఫ్లెమింగ్ జీవితమంతా వాదించిన లెక్కే. ఇవాళ కెనడాలో ఆరు కాలమండలాలున్నాయి. వాటిలో న్యూఫౌండ్‌లాండ్ మనకి దగ్గరి చుట్టం. గ్రీనిచ్ లెక్కలో మన దేశంలాగే దానికీ అరగంట తేడా ఉంటుంది.

అందుచేత స్మార్ట్‌వాచ్ చేసే మొదటి ఉపకారం చాలా పాతది. దిగగానే తనంతట తానే ఇక్కడి టైముకి మారుతుంది. దానితో పాటు రెండో టైము కూడా ఒకే ముఖం మీద చూపించమనండి. వేసవిలో టొరంటో మన కంటే తొమ్మిదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదిన్నర గంటలు. గుంటూరులో చెల్లెలికి ఫోను చెయ్యడానికి వేళ చూసుకోవడం ఒక అవసరమైతే, బీపీ మాత్ర ఎప్పుడు వేసుకోవాలన్నది అంతకన్నా పెద్దది. రోజుకి రెండుపూటలా వేసుకునే మందులూ, ఇన్సులినూ కొత్త వేళలకి ఎలా జరుపుకోవాలో బయల్దేరే ముందే డాక్టరుగారి చేత కాగితం మీద రాయించుకోవాలి. వాచీ గుర్తు చేస్తుంది, అంతే. వైద్యం దాని పని కాదు.

ఇక కంప్యూటరుని ఒంటికి తగిలించుకుని తిరగడమనే పిచ్చి. ఈ మాట మెచ్చుకోలుగానే అంటున్నాను. అది కూడా చాలావరకు ఈ దేశంలోనే ముదిరింది. హామిల్టన్‌లో పుట్టిన స్టీవ్ మాన్, టొరంటో విశ్వవిద్యాలయం ప్రొఫెసరు, 1980లలోనే తలకి కెమెరా, కళ్ళ ముందు తెర, ఒంటికి బ్యాటరీలూ వైర్లూ కట్టుకుని వీధిలో నడిచేవాడు. 2002 ఫిబ్రవరిలో న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్ విమానాశ్రయంలో టొరంటో విమానం ఎక్కబోతుంటే భద్రతా సిబ్బంది ఆయన్ని ఆపారు. డాక్టరు ఉత్తరం ఉంది, ముందుగా కబురూ పెట్టాడు. అయినా ఒంటికి అతికించుకున్న ఎలక్ట్రోడ్లు పీకించారనీ, రక్తం వచ్చిందనీ, ఏళ్ళుగా అలవాటైన ఆ యంత్రం లేక తల తిరిగి పడిపోయాననీ, చివరికి చక్రాల కుర్చీలో విమానం ఎక్కాననీ ఆయన చెప్పాడు. పత్రికలు దాన్ని పెద్ద వార్తగా రాశాయి.

ఇవాళ మీ నాన్నగారి వాచీ చూసి ఎవరూ ఆపరు. అయితే పేస్‌మేకరున్నవాళ్ళూ, జబ్బకి షుగరు సెన్సర్ అంటించుకున్నవాళ్ళూ డాక్టరు ఉత్తరం చేతిసంచీలోనే ఉంచుకోవాలి. చెక్-ఇన్ పెట్టెలో పెట్టిన ఉత్తరం లేనట్టే లెక్క. స్కానర్‌లోకి వెళ్ళబోయే ముందే సెన్సర్ సంగతి సిబ్బందికి చెప్పాలి. కొన్ని రకాల సెన్సర్లకి ఒళ్ళంతా చూసే స్కానర్ పడదని వాటి కాగితాల్లోనే రాసి ఉంటుంది. దాని బదులు చేత్తో తనిఖీ చెయ్యమని అడగవచ్చు.

టొరంటో నుంచి కారులో గంటన్నర వెళ్తే వాటర్లూ వస్తుంది. మన పిల్లలు చాలామంది చదివే ఊరే. అక్కడ ఇంజనీరింగ్ చదివిన ఎరిక్ మిజికోవ్‌స్కీ, నెదర్లాండ్స్‌లో కొన్నాళ్ళు చదువుకున్నప్పుడు సైకిలు తొక్కుతూ, జేబులోంచి ఫోను తీయకుండా వచ్చిన మెసేజ్ చూడగలిగితే బాగుండునని అనుకున్నాడు. అందులోంచి వచ్చింది పెబుల్ వాచీ. 2012లో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైటులో 68 వేల మందికి పైగా జనం కోటి డాలర్ల పైచిలుకు ముందుగానే కట్టేశారు. నలుపు తెలుపు కాగితం లాంటి తెర, ఎండలో కూడా కనిపించేది. చార్జింగ్ దాదాపు వారం నిలిచేది. అన్నిటికన్నా నాకు నచ్చింది మరొకటి: దానికి నొక్కడానికి నిజమైన బటన్లుండేవి. జనవరిలో విన్నిపెగ్ బస్టాండులో మందపాటి గ్లవ్స్ వేసుకుని నిలబడ్డవాళ్ళకి ఆ బటన్ల విలువ తెలుస్తుంది. వేలితో తడిమే తెరలు అక్కడ పలకవు, గ్లవ్ తీస్తే వేళ్ళు కొంకర్లు పోతాయి.

ఆ పెబుల్ ఏమైంది? 2016 చివర్లో కంపెనీని ఫిట్‌బిట్ అనే మరో కంపెనీకి అమ్మేశారు. 2018 జూన్‌లో సర్వర్లు ఆపేశారు. అభిమానులు సొంతంగా సర్వర్లు పెట్టుకుని నడిపించుకోబట్టి ఆ వాచీలు బతికాయి. ఇప్పుడు మిజికోవ్‌స్కీయే మళ్ళీ వాటిని తయారుచేస్తున్నాడు, అది వేరే సంగతి.

అదే వాటర్లూ ప్రాంతంలో నార్త్ అనే కంపెనీ 2018లో ఫోకల్స్ అనే కళ్ళజోడు అమ్మింది. చూడ్డానికి మామూలు కళ్ళజోడే. కాని అద్దం మీద చిన్న కాంతిరేఖల్లో మెసేజ్‌లూ, ఎటు తిరగాలో దారీ కనబడేవి. వేలికి పెట్టుకునే ఉంగరంతో దాన్ని నడపాలి. కొత్త ఊళ్ళో ఫోను చూసుకుంటూ స్తంభాలకి గుద్దుకునే వాళ్ళకి దానికంటే ఏం కావాలి? 2020 జూన్ ఆఖరున గూగుల్ ఆ కంపెనీని కొంది. జులై 31తో ఆ కళ్ళజోళ్ళ తెలివి ఆగిపోయింది. కొన్నవాళ్ళకి డబ్బు తిరిగి ఇచ్చారు, కాదనను. కాని మొన్నటిదాకా దారి చూపించిన అద్దం మర్నాటికి ఉత్త అద్దమైంది. వాంకూవర్‌లో రీకాన్ అనే కంపెనీ మంచు మీద జారేవాళ్ళ గాగుల్స్‌లో వేగం, ఎత్తు చూపించే చిన్న తెర పెట్టేది. 2015లో ఇంటెల్ కొనుక్కుంది, 2017లో మూసేసింది. ఇవన్నీ మంచి వస్తువులే. వాటి ప్రాణం మాత్రం మన ఒంటి మీద లేదు, ఎక్కడో కంపెనీ సర్వర్లో ఉంది. అలాంటి పరికరాన్ని మనం కొన్నామనుకుంటాం గాని, నిజానికి అద్దెకు తెచ్చుకున్నట్టే.

ఇంతకీ భూమినే వదిలి వెళ్ళిన ఒక ప్రయాణికుడు ఏం తొడుక్కున్నాడో తెలుసా? మాంట్రియల్‌లో హెక్సోస్కిన్ అనే కంపెనీ తయారుచేసిన చొక్కా. 2018 డిసెంబరు నుంచి 2019 జూన్ దాకా అంతరిక్ష కేంద్రంలో 204 రోజులు గడిపిన కెనడా వ్యోమగామి డావీడ్ సాన్-జాక్ దాన్ని వేసుకుని ప్రయోగాలు చేశాడు. నాడి, ఊపిరి, చర్మపు వేడి, రక్తంలో ఆక్సిజన్, ఇలాంటివన్నీ చొక్కాయే కొలుస్తుంది. ఇది మన షాపింగ్ మాల్‌లో కొనేది కాదనుకోండి.

మన వాచీ దగ్గరికి వద్దాం. ఒకసారి దాన్ని విప్పి వెనక్కి తిప్పి చూడండి. ఆకుపచ్చ దీపాలు టకటకా మిణుకుతుంటాయి. రక్తం ఆకుపచ్చ వెలుగుని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులోకి రక్తం కాస్త ఎక్కువ వస్తుంది, తిరిగొచ్చే వెలుగు కాస్త తగ్గుతుంది. వాచీ లెక్కపెట్టేది ఆ తగ్గడాన్నే. మరి మైనస్ ఇరవైలో ఏమవుతుంది? చలికి చర్మం కింది నాళాలు ముడుచుకుపోతాయి, రక్తం ఒంటి లోపలికి వెళ్ళిపోతుంది. ఆకుపచ్చ దీపానికి చదవడానికి పెద్దగా ఏమీ దొరకదు. అప్పుడు తెర మీద గీతలన్నా పడతాయి, నమ్మరాని అంకె అన్నా వస్తుంది. "నాన్నగారి గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోంది" అని వెంటనే హడలిపోకండి. మనిషి బాగానే ఉంటే ఇంట్లోకి తీసుకొచ్చి, చెయ్యి వెచ్చబడ్డాక, పట్టీ కాస్త బిగించి మళ్ళీ చూడండి. మనిషికి ఆయాసమో, ఛాతీలో నొప్పో ఉంటే మాత్రం వాచీ ఏం చెప్పినా వినకండి, 911కి ఫోను చెయ్యండి.

బ్యాటరీకీ చలి పడదు. లిథియం బ్యాటరీ లోపల జరగాల్సిన కదలిక చలికి మందగిస్తుంది. ముప్ఫై శాతం ఉందని చూపించిన ఫోను ఉన్నట్టుండి ఆరిపోతుంది, వెచ్చబడితే మళ్ళీ లేస్తుంది. మామూలు ఆపిల్ వాచీని సున్నా నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని కంపెనీయే చెబుతోంది. కెనడాలో సున్నా అంటే మంచి రోజు! కాబట్టి ఫోను జాకెట్ లోపలి జేబులో ఒంటిని ఆనుకుని ఉండాలి, వాచీ చొక్కా చేతి కింద ఉండాలి. నాన్నగారి పాత హెచ్ఎంటీకి ఈ బాధలేవీ లేవు. కీ ఇస్తే తిరుగుతుంది.

పెద్దవాళ్ళకి స్మార్ట్‌వాచ్ నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది: పడిపోయినప్పుడు. ఇక్కడి ఫుట్‌పాత్‌ల మీద పలచగా, కంటికి కనబడకుండా గడ్డకట్టే మంచు మన ఊళ్ళలో పెరిగిన కాళ్ళకి తెలియదు. 2018 నుంచి వచ్చిన ఆపిల్ వాచీల్లో, తర్వాత వచ్చిన మరికొన్నిటిలో, గట్టిగా పడితే కనిపెట్టే ఏర్పాటుంది. పడిన మనిషి నిమిషం పాటు కదలకపోతే వాచీ తనే అత్యవసర నంబరుకి ఫోను చేస్తుంది. చాలా గొప్ప సంగతి. కాని దేని మీద చేస్తుంది ఫోను? వాచీకి సొంత సెల్ కనెక్షన్ లేకపోతే పక్కన ఫోను ఉండాలి. మన నాన్నగార్లు ఫోను డైనింగ్ టేబుల్ మీద చార్జింగ్‌కి పెట్టేసి వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళు! చేతికి వాచీ ఉందన్న ధైర్యంతో పిల్లలు ఆఫీసులో కూర్చుంటారు, ఆ వాచీ మాత్రం ఎవరినీ పిలవలేదు. డబ్బు పెట్టేటట్టయితే పెద్ద తెర మీదా, బంగారు రంగు మీదా కాకుండా ఆ సెల్ కనెక్షన్ మీద పెట్టండి. ఇంకొకటి. 911లో అవతల మాట్లాడేవాళ్ళకి "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పడం అమ్మకి నేర్పండి. చాలా నగరాల్లో దుభాషీని లైన్లోకి తెచ్చే ఏర్పాటుంది.

వాచీలోంచి నాన్నగారు ఎక్కడున్నారో మీ ఫోనులో చూసుకోవచ్చు కూడా. అది పెట్టే ముందు ఆయన్ని అడగండి. ఆయన మనిషి, పార్సెల్ కాదు.

షుగరు ఉన్నవాళ్ళకి మరో చిక్కుంది. జబ్బకి అంటించే సెన్సర్లు ఇప్పుడు మన ఇళ్ళలో మామూలైపోయాయి. ఇండియాలో నాన్నగారికి 126, 140, 180 అలవాటు. కెనడాలో కొలత వేరు. ఇక్కడి మీటర్లూ యాప్‌లూ చూపించేది 7, 7.8, 10. అదే షుగరు, లెక్క వేరంతే. ఇక్కడి అంకెని పద్దెనిమిదితో హెచ్చవేస్తే మన అంకె వస్తుంది. ఇది తెలియక, తెర మీద 9 చూసి "అమ్మో, పడిపోయింది" అని లడ్డూ నోట్లో వేసుకుంటే కథ అడ్డం తిరుగుతుంది. ఎందుకంటే 9 అంటే 162. పడిపోవడమంటే ఇక్కడి లెక్కలో 4 కంటే కిందకి. ఈ రెండు వాక్యాలూ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి.

ఇప్పుడు సిగ్నల్ లేని చోటికే పోదాం. లాంగ్ వీకెండ్ వస్తే కాల్గరీ నుంచి మనవాళ్ళంతా బాన్ఫ్‌కి బయల్దేరతారు. లేక్ లూయీజ్ నుంచి జాస్పర్ దాకా ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే, దాదాపు 230 కిలోమీటర్లు. ప్రపంచంలో అందమైన రోడ్లలో ఒకటి. అందులో చాలా భాగం సెల్ సిగ్నల్ ఉండదు. అమ్మ చేతికి ఉన్న వాచీ అక్కడ టైము, నాడి, అడుగులు చూపిస్తుంది, ఇంకేమీ చెయ్యదు. దారి చూపించే మ్యాపు కూడా ముందు రాత్రి హోటల్లో దించి పెట్టుకుంటేనే ఉంటుంది.

2022 నవంబరులో ఐఫోన్ 14తో నేరుగా ఉపగ్రహం ద్వారా సహాయం కోరే వీలు మొట్టమొదట అమెరికాలోనూ కెనడాలోనూ వచ్చింది. ఇప్పుడు కొన్ని ఖరీదైన వాచీల్లోనూ ఉంది. ఆకాశం బాగా కనిపించే చోట నిలబడి, తెర చెప్పిన వైపు ఫోను పట్టుకోవాలి. చెట్ల కింద ఆలస్యమవుతుంది. ఇంకో పరిమితి కూడా ఉంది. 62 డిగ్రీల అక్షాంశం దాటితే పనిచేయకపోవచ్చని ఆపిల్ చెబుతోంది. అరోరా వెలుగులు చూడ్డానికి మనవాళ్ళు వెళ్ళే యెల్లోనైఫ్ సరిగ్గా ఆ గీత దాటాకే ఉంది! అంత ఉత్తరానికి వెళ్ళేవాళ్ళు గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి పరికరం పెట్టుకుంటారు. అది వాడే ఇరిడియం ఉపగ్రహాలు ధ్రువాల దాకా పనిచేస్తాయి.

మాటలు తర్జుమా చేసే కళ్ళజోళ్ళూ, చెవిలో పెట్టుకునేవీ బాగా వస్తున్నాయి. క్యుబెక్‌లో స్టాప్ బోర్డు మీద కూడా చాలాచోట్ల ఫ్రెంచి మాటే ఉంటుంది కాబట్టి, మాంట్రియల్ చూడబోయే పెద్దవాళ్ళకి అవి ఆకర్షణే. కాని వాటిలో చాలావాటికి మాట ముందు ఫోనుకి, అక్కడి నుంచి సర్వరుకి పోయి రావాలి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు 2011 నుంచే ఉంది. తెలుగు, ఫ్రెంచి ముందుగా దించుకుంటే రాసిన మాటలకి సిగ్నల్ లేకపోయినా సాయం చేస్తుంది. నా మట్టుకు నేను, ఇప్పటికి, ఖర్చు లేని ఆ దారే మేలంటాను. చూపు బాగా తక్కువైనవాళ్ళ సంగతి వేరు. ఈసైట్ అనే కంపెనీ 2006లో కెనడాలో మొదలైంది. ఎదురుగా ఉన్నదాన్ని కెమెరాతో పట్టి, పెద్దది చేసి కళ్ళ ముందే తెర మీద చూపిస్తుంది దాని కళ్ళజోడు. ఆ పనంతా కళ్ళజోడులోనే జరుగుతుంది, సర్వరు ఊసు లేదు. విమానాశ్రయం బోర్డు చదువుకోలేక ఇబ్బంది పడేవాళ్ళకి అది నిజమైన ఉపకారం.

ముగించే ముందు మూడు పనులు చెబుతాను. కొన్న వాచీని నాన్నగారి చేతికి కట్టి, ఆయన ఫోనుని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపి, ఒక గంట ఇంట్లోనే వాడించండి. అప్పుడు ఏమేం పనిచేస్తున్నాయో అవే ఆయనవి. రెండోది, ఫోనులో మెడికల్ ఐడీ అనే పేజీ నింపండి. మందులు, ఎలర్జీలు, మీ నంబరు. లాక్ తియ్యకుండానే అంబులెన్సువాళ్ళకి కనబడుతుంది, దానికి ఏ సిగ్నలూ అక్కర్లేదు.

మూడోది, తిరుగు ప్రయాణం గురించి. ఉపగ్రహ ఫోన్లూ, ఇన్‌రీచ్ లాంటి పరికరాలూ అనుమతి లేకుండా ఇండియాలోకి తీసుకెళ్ళడం నేరం. టెలిగ్రాఫ్ రోజుల నాటి చట్టాల నుంచీ ఉన్న కట్టడి ఇది. విదేశీ యాత్రికులు విమానాశ్రయాల్లో పట్టుబడి పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగిన సందర్భాలున్నాయి. రాకీ పర్వతాల్లో మీ ప్రాణం కాపాడే వస్తువే శంషాబాదులో మిమ్మల్ని ఆపగలదు. కాబట్టి రాకీస్ నుంచి వచ్చిన బ్యాగును ఉన్నదున్నట్టు ఇండియాకి సర్దకండి. అన్ని జేబులూ వెతికి, ఆ పరికరాన్ని తీసి ఇంట్లో పెట్టి, అప్పుడు బయల్దేరండి.